తిరుపతి నుండి విమాన దూరం, ప్రయాణ కాలం: అంకెల వెనుక అసలు లెక్క

తిరుపతి: తిరుపతి నుండి హైదరాబాదుకు దూరమెంత అన్న ప్రశ్నకు పత్రికలలో, ప్రభుత్వ నివేదికలలో మూడు వేర్వేరు సమాధానాలు కనిపిస్తుంటాయి. ఒకచోట 417 కిలోమీటర్లని, మరొకచోట సుమారు 560 కిలోమీటర్లని, ఇంకొకచోట 661 కిలోమీటర్లని వ్రాయడం జరుగుతున్నది. ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు. మొదటిది రెండు విమానాశ్రయాల నడుమ గల వైమానిక దూరం. రెండవది రహదారి దూరం. మూడవది 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ ప్రారంభించిన సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్ ఎక్స్‌ప్రెస్ గుంటూరు, నెల్లూరు, గూడూరుల మీదుగా ప్రయాణించే రైలు మార్గం నిడివి. ఏ దూరమో చెప్పకుండా అంకె ఒక్కటే ప్రకటించినప్పుడు చిక్కు వచ్చిపడుతున్నది. విమాన ఛార్జీల పరిమితి మొదలు అవయవ మార్పిడి శస్త్రచికిత్సల ఏర్పాట్ల వరకు ఈ అంకెలపై ఆధారపడిన నిర్ణయాలు అనేకం ఉన్నందున, వైమానిక దూరం, ప్రయాణ కాలం లెక్కించే విధానాన్ని పాత్రికేయులు, అధికారుల సమాచారం నిమిత్తం ఇక్కడ వివరించడమైనది.

వైమానిక దూరమనగా

భూమి గుండ్రంగా ఉన్నందున రెండు ప్రదేశాల నడుమ అతి దగ్గరి దారి సరళరేఖ కాదు, భూగోళం ఉపరితలం వెంట సాగే ఒక వంపు. గోళాన్ని సరిగ్గా సగానికి కోసే మహావృత్తంలో ఒక భాగమే ఈ వంపు. వైమానిక దూరమంటే దీని నిడివి. విమానయానంలో దూరాన్ని కిలోమీటర్లలో గాక నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో డిగ్రీకి అరవయ్యవ వంతు, అనగా ఒక నిమిషం, దాదాపు ఒక నాటికల్ మైలు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నచో ఉత్తర దక్షిణాలుగా ఉన్న నగరాల మధ్య దూరాన్ని ఎవరైనా కాగితంపైనే కట్టవచ్చును. రేణిగుంట విమానాశ్రయం 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపైన, ఢిల్లీ విమానాశ్రయం 28.6 డిగ్రీలపైన ఉన్నాయి. తేడా 15 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 1,665 కిలోమీటర్లు. ఢిల్లీ కొద్దిగా పడమటికి జరిగి ఉన్నందున అసలు దూరం సుమారు 1,673 కిలోమీటర్లుగా తేలుతుంది. నోటి లెక్కకు, అసలు లెక్కకు పది కిలోమీటర్లయినా తేడా లేదు.

ఇదే పద్ధతిలో రేణిగుంట నుండి గన్నవరం విమానాశ్రయం సుమారు 348 కిలోమీటర్లు, విశాఖపట్నం 600, దేవనహళ్లి వద్ద గల బెంగళూరు విమానాశ్రయం 205, చెన్నై 99 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.

ఇచ్చట గమనింపదగిన విషయమేమనగా ఈ దూరాలన్నీ విమానాశ్రయం నుండి విమానాశ్రయానికే గాని నగరం నుండి నగరానికి కావు. హైదరాబాదే ఇందుకు చక్కని ఉదాహరణ. 2008 మార్చి వరకు తిరుపతి విమానాలు బేగంపేటలో దిగేవి. రేణిగుంట నుండి బేగంపేటకు వైమానిక దూరం సుమారు 438 కిలోమీటర్లు. విమానాల రాకపోకలు శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి మారిన తరువాత ఆ దూరం 417 కిలోమీటర్లకు తగ్గింది. తిరుపతి గాని, హైదరాబాదు గాని అంగుళం కదలలేదు. ఆకాశంలో 20 కిలోమీటర్లు కలిసివచ్చినవి. నేలమీద మాత్రం సికింద్రాబాదు వాసికి అంతకు మించిన దూరం అదనంగా వచ్చి చేరింది.

విమానం ఆ గీత వెంటే పోదు

మహావృత్తపు దూరం లెక్కకు ఆధారమే గాని విమానం అచ్చంగా ఆ దారినే ప్రయాణించదు. రేణిగుంట రన్‌వే తూర్పు పడమరలుగా ఉన్నది. హైదరాబాదు ఉత్తర వాయవ్య దిశన ఉన్నది. గాలికి ఎదురుగా పైకి లేవడం విమానానికి సురక్షితం. కావున తూర్పు గాలి వీచే రోజున హైదరాబాదు వెళ్లవలసిన విమానం మొదట తూర్పుకు లేచి, అటుపిమ్మట ఎడమకు తిరిగి తన దారి పట్టవలసి ఉంటుంది. విమానాశ్రయానికి వాయవ్యంగా శేషాచలం కొండలు ఉన్నాయి. విమానాశ్రయం సముద్రమట్టానికి వంద మీటర్ల పైచిలుకు ఎత్తున ఉండగా తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నది. పైకెక్కే దారిని, దిగే దారిని ఈ ఎత్తులను దృష్టిలో ఉంచుకొనే నిర్ణయిస్తారు.

ఆగమ సంప్రదాయాన్ని అనుసరించి తిరుమల క్షేత్రం మీదుగా విమానాలు ప్రయాణించరాదన్న అభ్యర్థన చిరకాలంగా ఉన్నది. 2025 మార్చిలో తిరుమల తిరుపతి దేవస్థానముల పాలకమండలి అధ్యక్షులు శ్రీ బి.ఆర్. నాయుడు ఈ విషయమై కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడుకు లేఖ వ్రాశారు. ఇటువంటి అభ్యర్థనలను పరిశీలించేటప్పుడు భక్తుల మనోభావాలతో పాటు, దారి మళ్లింపు వలన పెరిగే దూరాన్ని, ఇంధనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

తిరుపతికి తూర్పున మరొక ప్రత్యేకత కలదు. శ్రీహరికోటలోని సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం రేణిగుంట విమానాశ్రయానికి ఆకాశమార్గాన సుమారు 75 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. ప్రతి రాకెట్ ప్రయోగానికి ముందు వైమానిక సిబ్బందికి హెచ్చరిక ప్రకటన జారీ అవుతుంది. నిర్ణీత వేళలలో, నిర్ణీత గగనతలంలోకి విమానాలు ప్రవేశించరాదని దాని సారాంశం. ఆ వేళలలో ఆ ప్రాంతం మీదుగా పోవలసిన విమానాలు చుట్టు తిరిగి పోవడమో, కొంతసేపు ఆగడమో జరుగుతుంది. నగరాల మధ్య దూరం మారదు, విమానం తిరిగిన దూరం మారుతుంది.

ఇటీవలి కాలంలో దీనికి పెద్ద ఉదాహరణ 2025 ఏప్రిల్‌లో కనిపించింది. పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేయడంతో ఢిల్లీ నుండి ఐరోపా, అమెరికాలకు వెళ్లే విమానాలు దక్షిణంగా చుట్టి ప్రయాణించవలసి వచ్చింది. పటంలో ఢిల్లీ, లండన్ ఎక్కడివక్కడే ఉన్నప్పటికీ ప్రయాణ కాలం, ఇంధన వ్యయం రెండూ పెరిగినవి.

తిరుపతి ప్రాంతపు ఆకాశానికి సంబంధించి ఒక పాత ముచ్చటను ఈ సందర్భంగా చెప్పుకోవచ్చును. 1932 అక్టోబరు 15న కరాచీ నుండి బొంబాయికి శ్రీ జె.ఆర్.డి. టాటా టపా విమానం నడిపినది సుప్రసిద్ధమే. ఆ టపాను బొంబాయి నుండి మద్రాసుకు చేర్చినవారు నెవిల్ వింటెంట్. ఆయన మార్గం బళ్లారి మీదుగా సాగింది. పటంపై బళ్లారి నుండి మద్రాసుకు గీత గీసినచో అది తిరుపతికి పది పదిహేను కిలోమీటర్ల దక్షిణంగా, నాటి చిత్తూరు జిల్లా మీదుగా పోతుంది.

అంతర్జాతీయ ప్రయాణంలో రెండు అంకెలు

దూరం పెరిగినకొద్దీ మహావృత్తానికి, అసలు మార్గానికి మధ్య తేడా కూడా పెరుగుతుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుండి అమెరికాలోని తమ పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులలో పలువురు బెంగళూరు నుండి బయలుదేరుతుంటారు. బెంగళూరు-శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల నడుమ ఎయిరిండియా 2021 జనవరిలో నేరుగా విమానం ప్రారంభించింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నేతృత్వంలో, కెప్టెన్ పాపగారి తన్మయి తదితరులతో కూడిన మహిళా పైలట్ల బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా ఆ తొలి విమానాన్ని నడిపి జనవరి 11న బెంగళూరు చేర్చింది. ఆ సందర్భంగా కొన్ని పత్రికలు దూరాన్ని 13,993 కిలోమీటర్లని, మరికొన్ని 16,000 కిలోమీటర్లని ప్రచురించాయి. పాఠకులకు ఇది పొరపాటుగా తోచి ఉండవచ్చును. మొదటిది నగరాల మధ్య నేరు దూరం. రెండవది విమానం తిరిగి వచ్చిన దారి నిడివికి ఇచ్చిన ఉజ్జాయింపు.

గోడకు వ్రేలాడదీసిన పటంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకు పడమట కొసన కనిపిస్తుంది. వాస్తవానికి బెంగళూరు నుండి అతి దగ్గరి దారి దాదాపు నేరుగా ఉత్తరానికి, కొద్దిగా తూర్పుకు వాలి మొదలవుతుంది. తరగతి గదిలోని గోళంపై ఒక దారం బిగించి చూచినచో ఇది తేటతెల్లమవుతుంది. అయినను ఎంత ఎత్తున ఏ గాలి వీస్తున్నదో చూచుకొని విమాన సంస్థలు ఏ రోజుకారోజు మార్గాన్ని నిర్ణయిస్తాయి. వెనుక గాలి దొరికినచో కొంత చుట్టుదారి అయినప్పటికీ వేగంగా చేరుకొనవచ్చును. ఎదురుగాలి ఉన్నచో దగ్గరి దారి కూడా ఆలస్యమే.

విదేశీ ప్రయాణాల విషయంలో తరచుగా జరిగే మరొక పొరపాటు గడియారానికి సంబంధించినది. టిక్కెట్టుపై ముద్రించే వేళలు ఆయా నగరాల స్థానిక కాలమానం ప్రకారం ఉంటాయి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ సమీపంగా పోతుంది. దీనికి, శాన్‌ఫ్రాన్సిస్కో కాలానికి చలికాలంలో పదమూడున్నర గంటలు, అక్కడ గడియారాలను ముందుకు జరిపే వేసవి నెలలలో పన్నెండున్నర గంటలు తేడా ఉంటుంది. చేరే వేళ నుండి బయలుదేరిన వేళను తీసివేసి ప్రయాణ కాలం ఇంత అని వ్రాయడం సరికాదు. రెండు వేళలనూ ఒకే కాలమానంలోకి మార్చుకొన్న తరువాతనే తీసివేత చేయాలి.

గంటంబావు ఎందుకు పడుతుంది?

పెద్ద జెట్ విమానం గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోగలదు కదా, 417 కిలోమీటర్ల హైదరాబాదుకు అరగంట చాలదా అని ప్రశ్నించేవారు ఉన్నారు. టైంటేబుల్‌లో చూపే కాలం గాలిలో ఉన్న కాలం కాదు. విమానం చక్రాలకు అడ్డుగా పెట్టిన దిమ్మెలను తీసి అది కదలిన క్షణం నుండి, గమ్యం వద్ద నిలిచి తిరిగి దిమ్మెలు పెట్టే వరకు గడిచే సమయాన్ని విమాన సంస్థలు ప్రయాణ కాలంగా పరిగణిస్తాయి. రన్‌వే వరకు నడిచే సమయం, వరుసలో నిలిచే సమయం, దిగిన తరువాత నిలిచే చోటికి చేరే సమయం అన్నీ ఇందులో ఇమిడి ఉంటాయి. పైగా విమానం పూర్తి వేగం అందుకొనేది మధ్య భాగంలోనే. హైదరాబాదు వంటి దగ్గరి గమ్యానికి పైకెక్కడం ముగిసీ ముగియకముందే దిగడం మొదలవుతుంది.

ఏటీఆర్ రకం చిన్న విమానాలు గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతాయి. జెట్‌తో పోల్చినచో ఈ వేగం తక్కువే అయినను తిరుపతి-హైదరాబాదు మార్గంలో రెండింటి ప్రయాణ కాలంలో తేడా పదిహేను నిమిషాలకు అటూ ఇటూగానే ఉంటుంది. టైంటేబుళ్లలో ఇది విమానం రకాన్ని బట్టి సుమారు గంట నుండి గంటా ఇరవై నిమిషాల వరకు కనిపిస్తుంది. ఢిల్లీ దూరం హైదరాబాదుకు నాలుగు రెట్లు. అయినను ప్రయాణ కాలం నాలుగు రెట్లు గాక సుమారు రెండుముప్పావు గంటలే. ఎక్కడానికి, దిగడానికి, నేలమీద నడవడానికి పట్టే సమయం రెండు ప్రయాణాలలోనూ దాదాపు ఒక్కటే కావడం ఇందుకు కారణం.

దూరమా, కాలమా: ఛార్జీల లెక్క

ఈ తేడా ప్రయాణికుని జేబును కూడా తాకుతుంది. 2016 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉడాన్ పథకంలో గంట ప్రయాణానికి, అనగా సుమారు 500 కిలోమీటర్లకు, పథకం పరిధిలోని సీట్లకు 2,500 రూపాయలు గరిష్ఠ ఛార్జీగా నిర్ణయించారు. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం క్రింద ప్రారంభమైన తొలి సర్వీసులలో రాయలసీమకు చెందిన కడప-హైదరాబాదు ఒకటి.

కోవిడ్ అనంతరం 2020 మే 25 నుండి దేశీయ విమానాలు తిరిగి ప్రారంభమైనప్పుడు కేంద్రం ప్రయాణ కాలాన్ని బట్టి ఏడు తరగతులు ఏర్పరచింది. 40 నిమిషాల నుండి గంట లోపు ప్రయాణానికి కనిష్ఠం 2,500, గరిష్ఠం 7,500 రూపాయలు. గంట నుండి గంటన్నర వరకు 3,000 నుండి 9,000 రూపాయలు. గంటకు అటూ ఇటూగా ఉన్న మార్గంలో రెండు మూడు నిమిషాల తేడాతో తరగతి మారి, గరిష్ఠ ఛార్జీలో 1,500 రూపాయల వ్యత్యాసం ఏర్పడేది. ఆ పరిమితులు 2022 ఆగస్టు 31తో ముగిసినవి.

2025 డిసెంబరులో దేశవ్యాప్తంగా పెద్ద సంఖ్యలో విమానాలు రద్దయి ఛార్జీలు అమాంతం పెరిగినప్పుడు కేంద్రం మరొకసారి తాత్కాలిక పరిమితి విధించింది. ఈసారి ఆధారం కాలం గాక దూరం. పన్నులు, విమానాశ్రయ రుసుములు కాకుండా 500 కిలోమీటర్ల వరకు 7,500, వెయ్యి వరకు 12,000, పదిహేను వందల వరకు 15,000, అంతకు మించిన దూరానికి 18,000 రూపాయలుగా నిర్ణయించారు. వైమానిక దూరాన్ని బట్టి చూచినచో తిరుపతి నుండి హైదరాబాదు మొదటి తరగతిలోకి, విశాఖపట్నం రెండవ తరగతిలోకి, ఢిల్లీ చివరి తరగతిలోకి వస్తాయి. పొరపాటున హైదరాబాదుకు రహదారి దూరమైన 560 కిలోమీటర్లను వార్తలో వాడినచో 7,500కు బదులు 12,000 రూపాయలు సక్రమమేనని పాఠకుడు భావించే ప్రమాదమున్నది.

చిత్తూరు ప్రయాణికుని లెక్క

విమానాశ్రయం ఉన్న రేణిగుంట 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోనిది. 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి ప్రారంభించిన గరుడ టెర్మినల్ ఇక్కడిదే. చిత్తూరు పట్టణం నుండి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. విమానాశ్రయం మరి పదిహేను కిలోమీటర్లు. చిత్తూరు నుండి సికింద్రాబాదు వెళ్లవలసిన వ్యక్తికి రోడ్డుపై గంటా నలభై అయిదు నిమిషాలు, విమానాశ్రయంలో ముందుగా చేరవలసిన రెండు గంటలు, టైంటేబుల్ ప్రకారం గంటంబావు, సామాను అందుకొనడానికి అరగంట, శంషాబాదు నుండి మరి గంటంబావు పట్టునని అనుకొన్నచో మొత్తం ఆరుముప్పావు గంటలు. ఇందులో విమానం గాలిలో ఉండేది ఏడింట ఒక వంతు మాత్రమే.

ఇదే వ్యక్తి వందేభారత్ ఎక్కినచో, ఆ రైలు ప్రారంభ సమయంలో ప్రకటించిన ఎనిమిదిన్నర గంటలకు తిరుపతి స్టేషను చేరడానికి పట్టే రెండు గంటలు కలిపి పదిన్నర గంటలవుతుంది. విమానం వలన ఆదా అయ్యేది నాలుగు గంటల లోపే. గంట ప్రయాణం, పది గంటల ప్రయాణం అని పోల్చడం వినడానికి బాగుండును గాని ప్రయాణికుని అనుభవానికి దగ్గరగా లేదు.

చిత్తూరు పట్టణానికి చెన్నై సుమారు 155 కిలోమీటర్లు, బెంగళూరు సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్నందున, రేణిగుంట నుండి నేరుగా విమానం లేని నగరాలకు వెళ్లేవారు ఈ రెండు విమానాశ్రయాల వైపు మొగ్గు చూపుతారు. పలమనేరు, కుప్పం వాసులకు బెంగళూరే అనుకూలం. రేణిగుంటలో 2,286 మీటర్ల రన్‌వేను 3,810 మీటర్లకు విస్తరించే పని చేపట్టడంలో ఉద్దేశం, దూరదేశాలకు పోయే భారీ విమానాలు ఇచ్చటనే దిగి, లేవగలగడం.

నిమిషాలు ప్రాణమైనప్పుడు

ప్రయాణ కాలాన్ని మొదటి నుండి చివరి వరకు ముక్కలుగా విడదీసి లెక్కించడం ఎంత అవసరమో అవయవ మార్పిడి శస్త్రచికిత్సలలో తెలుస్తుంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యంలోని శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 అక్టోబరు 11న ప్రారంభమైంది. 2023 జనవరిలో అక్కడ తొలి గుండె మార్పిడి జరిగింది. అందుకు అవసరమైన గుండె విశాఖపట్నం నుండి ప్రత్యేక విమానంలో రేణిగుంటకు చేరింది.

దాత శరీరం నుండి వేరుచేసిన గుండెను చల్లని ద్రావణంలో భద్రపరచినప్పటికీ సాధారణంగా నాలుగు గంటల లోపు అది మరొకరి శరీరంలో తిరిగి పనిచేయడం మొదలుకావాలి. విశాఖపట్నం నుండి రేణిగుంటకు వైమానిక దూరం 600 కిలోమీటర్లు. విమానానికి సుమారు గంట నుండి గంటన్నర. రోడ్డు మార్గాన అయితే పన్నెండు గంటలకు పైబడుతుంది గనుక ఆ ఊసే లేదు. అయితే నాలుగు గంటల నుండి గంటన్నర తీసివేసి రెండున్నర గంటలు మిగిలినవని అనుకొనరాదు. దాత ఉన్న ఆసుపత్రి నుండి విమానాశ్రయానికి, రేణిగుంట నుండి తిరుపతి ఆసుపత్రికి అంబులెన్సులు పరుగెత్తవలసిన సమయం, గ్రహీత శరీరంలో గుండెను అమర్చి రక్తప్రసరణ పునరుద్ధరించడానికి శస్త్రవైద్యులకు కావలసిన సమయం కూడా ఆ నాలుగు గంటలలోనే సరిపోవాలి. శస్త్రవైద్యుల సమయాన్ని తగ్గించడం ఎవరి తరమూ కాదు. విమానం వేగం కూడా అంతే.

అధికార యంత్రాంగం చేతిలో మిగిలేది రెండు కొసలలోని రోడ్డు మాత్రమే. రేణిగుంట నుండి తిరుపతి ఆసుపత్రికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దారి. యాత్రికుల వాహనాలు, బస్సులు కిక్కిరిసిన వేళలో దీనికి ముప్పావు గంట పట్టవచ్చును. పోలీసులు ప్రతి కూడలి వద్ద రాకపోకలు నిలిపి గ్రీన్ చానల్ ఏర్పాటు చేసినచో ఆ సమయం సగానికి తగ్గుతుంది. అందువలననే అవయవం వస్తున్నదన్న సమాచారం అందగానే విమానం దిగే వేళను గాక, దిగిన తరువాత అది నిలిచే చోటికి చేరే వేళను పోలీసు, రవాణా, వైద్య శాఖల అధికారులు ముందుగా అడిగి తెలుసుకొనవలసి ఉంటుంది. కూడళ్లలో వాహనాలను ఎప్పుడు ఆపాలి, అంబులెన్సు ఎక్కడ సిద్ధంగా ఉండాలి అన్నవి ఆ వేళను బట్టే నిర్ణయమవుతాయి.